మామల్ని కూర్చోబెట్టిన సిస్టరక్క

మంగళవారం పొద్దున పదిన్నరకు సిస్టరక్క పోయింది. ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో బడి నిక్కర్ల గుడ్డ కత్తిరిస్తున్నాను. "చాయ్ తాగి గిలాస కింద పెట్టింది, గంతే" అన్నది ఆ అమ్మాయి. ఫోన్ ఎప్పుడో ఆగిపోయినా నేను దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. ఎడమ చెవి. పోయిన గురువారం సిస్టరక్క తన చేత్తో అంటించిన మెంతి గింజ ఆ చెవిలో ఇంకా ఉంది.

చెవిలో మెంతి గింజ ఏంటని అడుగుతారు. చెప్తాను, అది చెప్పాలనే కూర్చున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గొంతు దించుకుని మెల్లగా రాయాలంటారు. అది నా వల్ల అయ్యే పని కాదు. ఈ వారంలో మా ఇంట్లో జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేటట్టుంది. పైగా సిస్టరక్క గురించి ముక్కు చీదుకుంటూ చెప్తే ఆమే లేచి వచ్చి తిట్టిపోతుంది.

ముందు నేనెవరో చెప్పాలి. నాందేడ్‌లో దెగ్లూర్ నాకా కూడలి దగ్గర చిన్న దర్జీ దుకాణం నాది. మా ఊరు దెగ్లూర్ తాలూకాలో మహారాష్ట్ర సరిహద్దు మీద ఉంటుంది, మా ఇంటి వెనక నిలబడితే తెలంగాణ పొలాలు కనబడతాయి. అమ్మానాన్నలు కూలి పనికి పోయి మమ్మల్ని పెంచారు. బడిలో మరాఠీ చదివాను, బజార్లో హిందీ మాట్లాడతాను, ఈ తెలుగు మా అమ్మ ఇచ్చింది. పన్నెండేళ్లు తాగాను. ఊళ్లో ఉన్నన్నాళ్లు కల్లు, నాందేడ్ వచ్చాక దేశీ సారా. చివరికి ఎంత దూరం పోయిందంటే, పొద్దున్నే ఒక గుక్క పడితే తప్ప సూదిలోకి దారం ఎక్కేది కాదు. దర్జీ చేతులు వణికితే ఇక అతని దగ్గర మిగిలేదేముంది? గిరాకీలు ఒక్కొక్కరే పక్క దుకాణానికి మళ్లారు.

నిజం దాచను. ఆ ఫోన్ వచ్చాక నాకు మొదట గుర్తొచ్చింది సిస్టరక్క కాదు, శుక్రవారం. శుక్రవారం మా చెల్లె చిన్నబిడ్డకు చెవులు కుట్టించాలి. పాప నా ఒడిలో కూర్చోవాలి. ఆ రోజు కోసం నేను రెండేళ్లు కాచుకున్నాను. ఆ వెంటనే నోరు ఎండిపోయింది. ఎప్పుడో మరిచిపోయాననుకున్న దాహం, దారి తెలిసిన చుట్టం లాగా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. దుకాణం ముందు నుంచి ఎడమకు తిరిగితే నలభై అడుగుల్లో దేశీ దుకాణం. చెవిలో గింజ మీద వేలు పెట్టి గట్టిగా ఒత్తుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి. ఒత్తుతూనే ఉన్నాను.

అరగంటలో మా చెల్లె వచ్చింది. రెండు గల్లీల అవతల ఉంటుంది, పప్పు మిల్లులో పని. మిల్లు దుమ్ము జుట్టు మీద అట్లాగే ఉంది, దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చింది. సిస్టరక్క పోయిందని ఎవరో చెప్పారట. వచ్చి ఏడుస్తుందనుకున్నాను. దుకాణం మెట్టెక్కి నా మొహంలోకి చూసింది.

"చేతులు చూపియ్యి అన్నా."

రెండు చేతులూ చాపాను. ఆమె వాటిని తాకలేదు, కాసేపు చూసిందంతే. తర్వాత దగ్గరికొచ్చి వాసన చూసింది. నాకు కోపం రాలేదు, అలా చూసే హక్కు ఆమెకుంది.

"శుక్రారం దాక ఉంటవా?" అన్నది.

"ఉంట."

"ఉండలేకపోతె ఇప్పుడే చెప్పు. చిన్నాయన కొడుకును పిలుస్త. నేనేమనుకోను."

"ఉంటనన్న గద."

అప్పుడు స్టూలు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, సిస్టరక్క కోసం ఏడ్చింది.

మా వైపు పిల్లలకు చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. కొత్త బట్టలు, కొబ్బరికాయ, అందరికీ పంచడానికి బెల్లం, పుట్నాలు. మామ రెండు చేతులతో పాప తల కదలకుండా పట్టుకుంటే అవుసులాయన, అంటే కంసాలి, సన్న బంగారు తీగతో గుచ్చుతాడు. ఏడాది బేసిగా ఉండాలి. మొదటి ఏడు, మూడో ఏడు, ఐదో ఏడు. పెద్ద మేనకోడలికి మొదటి ఏట కుట్టించినప్పుడు నేను తాగి పోయాను. వాసన తెలియకూడదని పిడికెడు సోంపు నమిలాను కూడా, ఎంత తెలివి చూడండి. ఎడమ చెవి బాగానే అయింది. కుడి చెవి దగ్గర నా చేతులు వణికాయి. పాప తల జారింది, తీగ కిందికి దిగింది. ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిదేళ్లు. కమ్మలు పెడితే ఒకటి పైన, ఒకటి కింద. ఆ పిల్ల నా దుకాణానికొచ్చి అద్దంలో చూసుకున్నప్పుడల్లా నేను మిషన్ మీదికి తల వంచేసేవాణ్ణి.

అందుకే చిన్నపాప పుట్టగానే చెల్లె తేల్చి చెప్పేసింది, ఈ బిడ్డ నీ ఒడిలో కూర్చోదని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా గల్లీలోకి ఆటో వచ్చింది. మైకు పెట్టుకుని, ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో. దాని వెనక కథ నాకు చాలా తర్వాత తెలిసింది. సిస్టరక్క సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. తాగుడు వార్డులో అవే మొహాలు మళ్లీ మళ్లీ రావడం చూసి చూసి విసిగిపోయి, ఎక్కడో శిక్షణకు పోయి చెవికి సూదులు వేయడం నేర్చుకుంది. పాత చైనా వైద్యంలోంచి చెవి వరకే తీసుకుని, దూర దేశాల్లో తాగుడుకు, మత్తుమందులకు అలవాటుపడ్డవాళ్లకు వాడుతున్నారట. ఒక్కో చెవికి ఐదు సన్న సూదులు, నలభై నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవడం, అంతే. గురువారాలకు మా గల్లీ సమాజ్ మందిర్ హాలు అడిగి తీసుకుంది. ఆటోవాడికి కాగితం మీద మరాఠీలో శుభ్రంగా రాసిచ్చింది, వ్యసనముక్తి కోసం చెవులకు సూదులు అని. మా గల్లీలో తెలుగువాళ్లు ఎక్కువని ఆటోవాడు సొంత తెలివితో తెలుగు చేశాడు. వ్యసనముక్తి అన్న మాట నోరు తిరగలేదో, ఇంత పెద్ద మాట వీళ్లకెందుకు అనుకున్నాడో, దాన్ని కాస్తా మింగేశాడు. మాకు వినబడింది ఇది:

"గురువారం సమాజ్ మందిర్ల చెవులు కుట్టుడు. దవాఖాన సిస్టరే సొంతంగ కుడ్తది. ఫుకట్."

ఇంకేముంది? పైసా ఖర్చు లేదు. దవాఖాన సిస్టర్ అంటే శుభ్రంగా ఉంటుంది, చెవి చీము పట్టదు. గల్లీలో చంటిపిల్లలున్న ఇళ్లన్నీ కదిలాయి. మా చెల్లె కూడా చిన్నపాపకు కొత్త గౌను తొడిగి, చిన్నాయన కొడుకును మామగా వెంటపెట్టుకుని బయల్దేరింది. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కొబ్బరికాయతో, ధైర్యం కోసం కడుపులో పావుసీసాతో.

ఆ రోజు సమాజ్ మందిర్ మీరు చూడాలి. గుండ్రంగా ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మధ్యలో బల్ల మీద సూదుల పాకెట్లు పెట్టుకుని ఒకావిడ తాగుబోతుల కోసం ఎదురుచూస్తోంది. లోపలికి వచ్చిందేమో తొమ్మిదిమంది చంటిపిల్లలు, వాళ్ల తల్లులు, అమ్మమ్మలు, మేనమామలు, పూలు, బెల్లం. ఒక కుటుంబమైతే డప్పు కూడా తెచ్చింది. సిస్టరక్క కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఏదో అనుమానం వచ్చి, ముందున్న ముసలమ్మను చాలా మర్యాదగా అడిగింది.

"అవ్వా, వీళ్లల్ల తాగెటోళ్లు ఎవలు?"

"అందరు తాగుతరు బాయి" అన్నది ముసలమ్మ. "ఇంక పాలు ఇడువలేదు."

సిస్టరక్క నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. బల్ల అంచు పట్టుకుని, వంగి, చివరికి కుర్చీలో కూలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే తల్లులూ నవ్వారు. డప్పు వాయించేవాడు ఇదేదో సందర్భం అనుకుని రెండు దెబ్బలు వేశాడు కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని లేచి, విషయం చెప్పి, పిల్లల్ని ఒక్కొక్కరినే ముద్దు చేస్తూ వరస వెంట నడిచింది. పిల్లల్ని చూస్తోందనుకున్నాం. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో తిరిగిన ముక్కు అది. వాళ్లను ఒడిలో పెట్టుకున్న మేనమామల్ని వాసన చూస్తోంది. తొమ్మిదిమందిలో ఐదుగురు తేలారు, ఒడి ఖాళీగా నిలబడ్డ నాతో ఆరు.

"బరాబర్ జాగకే అచ్చిండ్రు" అన్నది. "పిల్లల్ని ఒడిలకెల్లి దించుండ్రి. మామల్ని కూసోవెట్టుండ్రి."

ఇద్దరు మామలు తలుపు వైపు జారుకున్నారు. నేను పోలేదు. కాళ్లు రాలేదంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. మా చెల్లె లేచి నిలబడి, పెద్దబిడ్డను ముందుకు లాగి, ఆ పిల్ల జుట్టు పక్కకు తీసి, రెండు చెవులూ సిస్టరక్కకు చూపించింది. ఇదిగో మా అన్న చేసిన పని అని అంతమందిలో చెప్పింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. సిస్టరక్క వంకర చెవిని వేలితో నిమిరింది.

"చిన్నదాన్ని ఇయ్యాల ఈయన ఒడిల పెట్టకు" అన్నది చెల్లెతో. "మూడో ఏడు గూడ బేసే గద. అప్పటిదాక ఆగు."

"మూడో ఏటికి మా అన్న ఉంటడో లేడో."

"ఉంటడు. నేను చూస్త."

నా చెల్లె నుంచి మాట తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. చాలాసేపు పాపను భుజం మార్చుకుంటూ నిలబడింది. చివరికి, మూడో ఏడు వరకే ఆగుతాను, ఐదో ఏడని నన్నడగొద్దు, అప్పటికి బాగుపడకపోతే చిన్నాయన కొడుకే మామ అన్నది. అట్లా నా గడువు పడింది.

ఆ రోజు నాకు సూది వేయలేదు, తాగి వచ్చానని. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, ఒక మెంతి గింజను ప్లాస్టర్ ముక్క మీద పెట్టి, ఎడమ చెవి లోపలి గుంటలో అంటించింది. మనసు గుంజినప్పుడల్లా ఒత్తుకో అన్నది. మరునాడు పొద్దున దవాఖాన గేటు దగ్గరికి రమ్మన్నది. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుందని, ముందు డాక్టరు, ఆ తర్వాతే సూది అని ఆమె నియమం. దాన్ని ఎవరి కోసమూ సడలించలేదు. నేను వస్తానని ఆమెకెట్లా నమ్మకం కుదిరిందో తెలియదు. పొద్దున్నే పోయేసరికి గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉంది. నాకంటే ముందే వచ్చిందట. ఎనిమిది రోజులు వార్డులో ఉన్నాను.

మొదటి సూదుల గురువారం చెప్తే నవ్వుతారు. రోజంతా సూదులతో బతికేవాణ్ణి, ఆ వెంట్రుకంత సూదిని చూసి కాళ్లు ముడుచుకున్నాను. అంతకంటే వింత ఇంకొకటి జరిగింది. సూదికి ముందు చెవి తుడవాలి కదా, సిస్టరక్క దూదిని స్పిరిట్‌లో ముంచింది. అంతే, కొత్తగా చేరినవాళ్లతో కలిపి గుండ్రంగా కూర్చున్న ఎనిమిదిమంది మగవాళ్ల ముక్కులు ఒకేసారి పైకి లేచాయి. బస్తాలు మోసే ఒక హమాల్ మామ మెల్లగా, ఆ దూది తర్వాత పారేస్తవా అక్కా అని అడిగాడు. మరుసటి వారం నుంచి స్పిరిట్ బంద్. సబ్బునీళ్లతో కడుక్కుని, ఆరబెట్టుకుని వస్తేనే కుర్చీ.

సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. తర్వాత చెవి వేడెక్కుతుంది. భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. పదో నిమిషానికి నాకు ఫ్యాను చప్పుడు వినబడింది. ఏళ్ల తర్వాత ఒక చప్పుడును ఊరికే విన్నాను. చెవుల నిండా సూదులతో ఎనిమిదిమంది, ఒకరిని చూసి ఒకరు నవ్వడానికి కూడా లేదు, ఎందుకంటే మాట్లాడడం నిషేధం. ఇప్పటిదాక మస్తు మాట్లాడిండ్రు, ఇగ చాలు అనేది సిస్టరక్క. మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న గడియారం చూసుకుంటూ, ఉప్పు పల్లీలు ఒక్కొక్కటే చప్పుడు రాకుండా నములుతూ కూర్చునేది. మేము ఉపవాసంలా కూర్చుంటే ఆమె మాత్రం పల్లీలు తినడం అన్యాయమని నేనొకసారి అన్నాను. మరుసటి వారం నాకు పొట్టు మిగిల్చిపెట్టింది.

మామల వ్యవహారం అక్కడే మొదలైంది. చెవులు కుట్టే రోజున మామ ఒడి లేకపోతే ఎట్లా అని, కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఒక పాతవాణ్ణి మామగా పక్కన కూర్చోబెట్టేది. సూదులు వేసేటప్పుడు మామ అతని భుజం పట్టుకోవాలి. వారం మధ్యలో మనసు గుంజితే మామకు ఫోన్ చేయాలి. వయసుతో పని లేదు. అరవై ఏళ్ల మీసాల పెద్దమనిషికి ముప్ఫై ఏళ్ల టెంపో డ్రైవరు మామ. ఆ పెద్దమనిషి నాకాలో అందరి ముందూ "మామా, నమస్తే" అని పిలిస్తే కొత్తవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. ఆటోవాడు ఒక్క మాట మింగినందుకు పుట్టిన చుట్టరికాలు ఇవి. ఇప్పటికి నాకు ఏడుగురు అల్లుళ్లు.

ఆమెకు మా పేర్లు గుర్తుండేవి కావు, లేదా గుర్తుంచుకునేది కాదు. దర్జీ, హమాల్, టెంపో, మాస్తర్, అంతే. కోపం మాత్రం బాగా గుర్తుండేది. ఒకసారి ఎవరో పెద్దమనుషులు దండ తెచ్చి, సూదులతో కూర్చున్న మాతో ఫోటో దిగుతామన్నారు. ముందు మీరూ పది సూదులు వేయించుకుని కూర్చోండి, ఫోటో బాగా వస్తుంది అన్నది. దండ బల్ల మీద వదిలేసి పోయారు. కానీ సూది గురించి గొప్పలు చెబితే అంతకంటే ఎక్కువ మండిపడేది. మాస్తర్ ఒకసారి ఈ సూదుల మహిమ అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే ఆపింది.

"సూది మాన్పియ్యది. సూది కూసోవెడ్తది. మానుడు మీ పని."

దవాఖాన డాక్టరును నేనే అడిగాను, ఇది నిజంగా పనిచేస్తుందా అని. గట్టి రుజువులు ఇంకా లేవు, కొందరికి నెమ్మది ఇస్తుంది, మా మందులు మాత్రం ఆపకు, గురువారం మాత్రం తప్పకు అన్నాడు. నాకు ఇప్పటికీ తెలియదు, పనిచేసింది సూదా, ఫ్యాను చప్పుడా, పక్కన భుజం పట్టుకున్న మామా అని. సిస్టరక్కతో అంటే, తెలుసుకుని ఏం చేస్తవ్, చొక్కా కుట్టు అన్నది.

నాకు మాత్రం ఒక ప్రత్యేక పరీక్ష పెట్టేది. ప్రతి గురువారం ముందుగా సంచిలోంచి మామూలు కుట్టు సూది, దారం తీసి ఇచ్చేది. ఎక్కించాలి. మొదటి వారం ఎక్కనే లేదు. రెండో నెలలో ఏడెనిమిది సార్లకు ఎక్కేది. ఒక గురువారం, వానాకాలం మొదట్లో, మొదటిసారికే దారం కన్నంలోంచి అవతలికి వచ్చేసింది. నేను దాన్ని పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. గంతులు వేయాలనిపించింది, నిజం. ఆమె శభాష్ అనలేదు. "మంచిగైంది. నా సంచి పట్టీ తెగింది, కుట్టు" అన్నది.

పోళా పండుగకు ఊరికి పోయినప్పుడు పడిపోయాను. ఎద్దుల ఊరేగింపు, పాత దోస్తులు, ఒక్కటే అన్నారు, రెండు రోజులు అయింది. ఆ గురువారం సమాజ్ మందిర్ బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను, లోపలికి పోయే మొహం లేక. దారం ఎక్కించిన చేతులు మళ్లీ వణుకుతున్నాయి. పాపకు అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. అంతా పోయిందనుకున్నాను. సిస్టరక్క బయటికి వచ్చి, చెత్తబుట్ట ఖాళీ చేసి, తిరిగిపోతూ నా వైపు చూసింది.

"చెవులు ఉన్నయా?"

"ఉన్నయ్ అక్కా."

"ఇంట్ల మరిచి రాలే గద. అయితె లోపలికి రా, కూసో."

అంతే. ఎందుకు తాగావు, ఎంత తాగావు, ఒక్క ప్రశ్న లేదు. మళ్లీ డాక్టరు, మళ్లీ మెంతి గింజ, మళ్లీ సూది. నా చెల్లెకు ఆ సంగతి నేనే చెప్పాలని మాత్రం పట్టుబట్టింది. చెప్పాను. చెల్లె నెల రోజులు మాట్లాడలేదు, కానీ మూడో ఏడు మాట వెనక్కి తీసుకోలేదు. ఆ పోళా తర్వాత ఇంతవరకూ చుక్క ముట్టలేదు.

పోయిన గురువారం ఆమె కొంచెం ఆయాసపడుతూ వచ్చింది. మెట్ల మీద ఒకసారి ఆగింది. మేమెవరం పట్టించుకోలేదు, అది నన్ను ఇప్పుడు కోస్తోంది. సూదులు తీసి, లెక్క సరిచూసుకుని, డబ్బాలో వేసి, నా చెవిలో తాజా మెంతి గింజ అంటించింది. శుక్రవారం చెవులు కుట్టుడుకు తప్పక వస్తానన్నది. బెల్లం తక్కువ, పుట్నాలు ఎక్కువ తెప్పించమన్నది. తర్వాత ప్లాస్టర్ మీద బొటనవేలితో ఒత్తుతూ నెమ్మదిగా అన్నది.

"నీ చెయ్యి వణుకుతదని నాకు భయం లేదు దర్జీ. నువ్వు ఏడుస్తవ్. ఏడ్తె ఏడువు. తల మాత్రం ఇడువకు."

ఆమె నాతో అన్న చివరి మాటలు ఇవే.

మంగళవారం సాయంత్రం ఆమెను తీసుకుపోయేటప్పుడు నాందేడ్ నలుమూలల నుంచి మామలూ అల్లుళ్లూ వచ్చారు. భోకర్ నుంచి బస్సులో వచ్చినవాళ్లూ ఉన్నారు. బుధవారం నేను దుకాణం తెరిచి, ఎవరూ అడగని చొక్కాలకు కూడా గుండీలు కుట్టాను. గురువారం సమాజ్ మందిర్ తాళం తీసి కుర్చీలు వేశాం. సూదులు వేసేవాళ్లు లేరు, మాలో ఎవరికీ ఆ చదువు లేదు. ఆమె నేర్పించిన ఒక చిన్న సిస్టర్ వచ్చే వారం నుంచి వస్తానన్నది. అయినా చెవులు కడుక్కుని కూర్చున్నాం. నలభై నిమిషాలు. ఫ్యాను తిరిగింది. మా మాస్తర్ కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక శుక్రవారం. నేను తెల్లవారకముందే లేచి తలస్నానం చేశాను. పాపకు గౌను నేనే కుట్టాను, పసుపు పూల గుడ్డ, మెడ చుట్టూ సన్న కుచ్చులు. ఈసారి మా చెల్లె దాన్నే తొడిగింది. అవుసులాయన సిరాతో చుక్కలు పెట్టబోతే నేనే పెడతానన్నాను. కొలతల చాక్‌ముక్కతో, టేపు పెట్టి, ముక్కు నుంచి అటెంతో ఇటెంత చూసి రెండు చుక్కలు పెట్టాను. చొక్కా కాలర్‌కు కూడా అంత జాగ్రత్తగా ఎన్నడూ కొలవలేదు. పెద్ద కోడలు పక్కనే నిలబడి ప్రతిదీ చూస్తోంది, వంకర కమ్మలు ఊగుతూ.

చెల్లె పాపను ఎత్తుకుని నా ముందుకు వచ్చింది. నా చేతుల వైపు చూసింది, చూపించమని అడగలేదు. పాపను నా ఒడిలో పెట్టింది.

రెండు అరచేతులతో తల పట్టుకున్నాను. ఎంత చిన్న తల. తీగ చూడగానే పాప కెవ్వుమంది, గిలగిలా కొట్టుకుంది, పట్టుకోవడానికి ఏదీ దొరక్క చేయి పైకి చాపి నా ఎడమ చెవి దొరకబుచ్చుకుంది. ఆ చిన్న బొటనవేలు సరిగ్గా మెంతి గింజ మీద పడింది. అవుసులాయన గుచ్చాడు. పాప ప్రాణమంతా పెట్టి ఒత్తింది. సిస్టరక్క కూడా ఎప్పుడూ అంత గట్టిగా ఒత్తలేదు. నేను ఏడ్చాను. వెక్కివెక్కి ఏడ్చాను, కన్నీళ్లు పాప జుట్టు మీద పడుతున్నాయి, అందరూ చూస్తున్నారు. తల మాత్రం విడవలేదు. రెండో చెవి అయిపోయిందని అవుసులాయన రెండుసార్లు చెబితే గానీ నాకు వినబడలేదు.

చెల్లె ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత పెద్దబిడ్డను పిలిచి చూడమన్నది. ఆ పిల్ల చాలాసేపు చూసి, రెండూ ఒక్క తీరున్నయ్ మామా అన్నది.

పాప ఏడ్చి ఏడ్చి నా ఒడిలోనే నిద్రపోయింది. రెండు చెవులకు రెండు సన్న తీగలు, ఒకే ఎత్తులో. నా చెవి విడిచిన చెయ్యి గౌను మీద తెరుచుకుని ఉంది. బొటనవేలికి ప్లాస్టర్ ముక్క అంటుకుని ఉంది, దాని మధ్యలో మెంతి గింజ. చెల్లె దాన్ని తీయబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.